తిట్లకు దారివ్వని సర్వర్లు

తార్నాకలో నేను రోజూ టిఫిన్ తినే బండి మీద నాకొక చిన్న ఫిర్యాదు ఉంది. అక్కడ ఇడ్లీ అడిగితే చట్నీని ఇడ్లీ మీదే పోస్తారు. పక్కన కాదు, మీద. "చట్నీ పక్కకు" అని ముందే చెప్పినవాడికి పక్కకే వేస్తారు, ఆ న్యాయం ఉంది. చెప్పనివాడు మునిగినట్టే. నేను ప్రతిరోజూ చెప్పాలనే వెళతాను. కాని నా వంతు వచ్చే వేళకు మెట్రో వంతెన అంచు మీద ఏదో ఒక మబ్బు ఆగి ఉంటుంది. దాని ఆకారం ఏమిటో తేల్చుకుని కిందికి చూసేసరికి నా ఇడ్లీలు పల్లీ చట్నీలో చిన్న చిన్న ద్వీపాలై ఉంటాయి. ఏళ్ళ తరబడి ద్వీపాలే తింటున్నాను.

ఈ లోకంలో సగం సంగతులు ఇలాగే నడుస్తాయని నా అనుమానం. ఎవడో ఒకడు ఎప్పుడో ఒకసారి గరిటె ఎటో వంచుతాడు. మిగతావాళ్ళం అదే తింటాం. కొన్నాళ్ళు అలాంటి గరిటె ఒకటి నా చేతికి వచ్చింది. దానితో నేనేం చేశానో ఇప్పుడు చెప్పబోతున్నాను. ముందే హెచ్చరిస్తున్నాను: ఇందులో ఒక పీహెచ్‌డీ మెడదాకా మునుగుతుంది. నిండు సభలో ఒక తల్లి నన్ను శాస్త్రోక్తంగా తిడుతుంది. ప్రాణనష్టం మాత్రం లేదు. పరువు నష్టం ఎంతో చివర్లో మీరే అంచనా వేసుకోండి.

మా విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సెంటర్ అని ఒక రాతి కట్టడం ఉంది. బయట చెట్లు, లోపల ఏసీ చలి, ఆ రెంటి మధ్య ఒక కిటికీ, కిటికీ పక్కన నేను. వారాసిగూడలోని గదిలో నిద్రపోయి, ఇక్కడికొచ్చి కలలు కనేవాణ్ణి. కలలకు వేరే జీతం ఇవ్వలేదు గాని, అడ్డు కూడా చెప్పలేదు.

మా పని ఇదీ. క్యాంపస్‌లో ఏ శాఖకు సర్వర్ కావాలన్నా మా పెద్ద యంత్రాల్లోంచి ఒక ముక్క కోసి ఇస్తాం. దీన్నే జనం క్లౌడ్ అంటున్నారు. ప్రతి సర్వర్‌నూ మొదటి నుంచి తయారు చెయ్యాలంటే తెల్లారిపోతుంది కాబట్టి, అన్ని అమరికలతో ఒక నమూనా సిద్ధం చేసి పెట్టుకుంటాం. దాన్ని ఇమేజి అంటారు. అడిగినవాళ్ళందరికీ అందులోంచే దించి ఇస్తాం. మా అధికారి రషీద్ సార్ దాన్ని 'అచ్చు' అనేవారు. "ఇటుకల బట్టీ కాడ అచ్చు ఎట్లనో ఇది గట్లనే. వంకరొస్తే నాకు ఇప్పుడు జెప్పకు, రిటైరైనంక జెప్పు" అనేవారు.

నిజానికి సర్వర్ తీసుకున్న శాఖవాళ్ళు ఆ అమరికలను తమకు నచ్చినట్టు మార్చుకోవచ్చు. కాని మా క్యాంపస్‌లో ఎవరూ ఏదీ మార్చరు. ఒక శాఖలో గోడ గడియారం ఎన్నడో ఆగిపోయింది. అక్కడి వాళ్ళు బ్యాటరీ వేయలేదు, భోజనాల వేళను దానికి తగ్గట్టు సర్దుకున్నారు. అలాంటి చోట అచ్చులో ఏది పెడితే అది శాసనం.

ఆ అమరికల్లో ఒకదాని పేరు రద్దీ నియంత్రణ. భయపడకండి, ఒక్క చౌరస్తా దాటితే అర్థమైపోతుంది.

సర్వర్ నుంచి బయటికి పోయే సమాచారమంతా చిన్న చిన్న పొట్లాలుగా పోతుంది. క్యాంపస్ నుంచి బయటికి దారి ఒక్కటే. ఎంత వేగంగా పోవాలో, ఎప్పుడు తగ్గాలో ప్రతి సర్వర్ తనంతట తానే తేల్చుకోవాలి. పోలీసు లేని తార్నాక చౌరస్తా అనుకోండి. పాత పద్ధతి పేరు క్యూబిక్. అది విద్యానగర్ నుంచి స్కూటర్ మీద వచ్చే రిటైర్డ్ హెడ్మాస్టరు లాంటిది. మెల్లగా వేగం పెంచుకుంటూ పోతుంది. దారిలో ఒక్క పొట్లం రాలిందని తెలిస్తే చాలు, "అయ్యో, జనం ఎక్కువున్నట్టున్నారు" అని బ్రేకు వేసి పక్కకు ఒదుగుతుంది. కొత్త పద్ధతి పేరు బీబీఆర్. అది పదిమందిని ఎక్కించుకుని పరుగెత్తే షేరాటో. దారి ఎంత వెడల్పు, పోయి రావడానికి ఎంతసేపు పడుతుందని తానే కొలుచుకుని, ఆ కొలత ప్రకారం దూసుకుపోతుంది. నాలుగు పొట్లాలు రాలినా వెనక్కి తిరిగి చూడదు. రాలినవాటిని మళ్ళీ పంపుతుంది, అంతే.

ఈ రెంటిలో అచ్చులోకి ఏది వెళ్ళాలి? అదీ నా చేతిలోని గరిటె.

తేల్చడానికి నేను ఎంచుకున్న రోజు బోనాల సెలవు. నగరమంతా గుళ్ళ దగ్గర ఉంది. దూరం నుంచి డప్పుల చప్పుడు వాన తుంపరలో నాని మెత్తగా వస్తోంది. క్యాంపస్‌లో నేను, నెమళ్ళు, ఖాళీ రోడ్లు. కొత్త పద్ధతి పెట్టి ఒక పెద్ద ఫైలు బయటికి పంపాను. తెర మీద గీత లేచింది. అలా ఇలా కాదు, గాలిపటం దారం వదిలినట్టు లేచి, పైన ఎక్కడో నిశ్చలంగా నిలబడింది. పాత పద్ధతిలో అదే గీత మెట్లెక్కి దిగే ముసలాయనలా ఆయాసపడింది. కిటికీ అవతల వాన, తెర మీద నిలబడిన గీత, మధ్యలో నేను. లోకంలో సర్వర్లన్నీ ఇంత హాయిగా పోతుంటే ఎలా ఉంటుందని చాలాసేపు అలాగే ఊహించుకుంటూ కూర్చున్నాను. శాస్త్రీయ పరీక్ష అంటే అదే అని అప్పట్లో నా నమ్మకం.

మర్నాడు రషీద్ సార్ ఏసీ రిమోట్‌లో బ్యాటరీలు మారుస్తుండగా విషయం చెప్పాను.

"టెస్ట్ జేసినవా?" అన్నారు.

"చేసిన సార్. పాతదానికి దీనికి పోలికే లేదు."

"ఎన్నడు జేసినవ్?"

"బోనాల సెలవు నాడు."

"ఆ దినం క్యాంపస్‌ల ఇంకెవలున్నరు?"

"ఎవరూ లేరు సార్. అందుకే రిజల్ట్ అంత క్లీన్‌గ వచ్చింది."

ఆయన రిమోట్ మూత వెయ్యడం ఆపి నా వైపు చూశారు. "ఖాళీ సడక్ మీద నా స్కూటర్ సుత రైలు లెక్కనే పోతది బేటా."

"అది వేరు సార్."

"ఎట్ల వేరు?"

"స్కూటర్‌కు అల్గారిథం ఉండది సార్."

ఈ జవాబు మీద ఆయన కాసేపు ఆలోచించారు. అంతలో ఏసీ పనిచేసింది. ఆ సంతోషంలో "ఠీక్ హై, పెట్టు" అన్నారు. మా క్యాంపస్ చరిత్రలో పెద్ద నిర్ణయాలన్నీ ఇలాంటి సంతోషాల్లోనే జరిగాయి.

పెట్టాను. ఆ తర్వాత కొన్ని నెలలు నా జీవితంలో వసంతకాలం. కొత్త అచ్చులోంచి దించిన సర్వర్ అందుకున్న మొదటి శాఖ జెనెటిక్స్. అక్కడి ప్రసాద్ సార్ స్వయంగా మా గదికి వచ్చి, "ఏం జేసినవయ్యా, రోజంత పట్టే బ్యాకప్ చాయ్ తాగొచ్చే వరకు అయిపోతున్నది" అన్నారు. క్యాంపస్‌లో మాట చాయ్ కంటే వేగంగా తిరుగుతుంది. జియోఫిజిక్స్ వాళ్ళు వచ్చారు, కెమిస్ట్రీ వాళ్ళు వచ్చారు. "మాకు సుత గా కొత్తది" అన్నారు. ఉన్న సర్వర్లు కూలగొట్టి, కొత్త అచ్చులో మళ్ళీ పోసి ఇచ్చాను. మైసూర్‌పాక్‌లు వచ్చాయి. ఒకరిద్దరు నన్ను 'గారు' అన్నారు. నేను కారిడార్‌లో నడుస్తుంటే నేల రెండంగుళాలు కిందికి దిగి దారి ఇస్తున్నట్టుండేది.

కొత్త అచ్చు తగలని సర్వర్ క్యాంపస్‌లో దాదాపు ఒక్కటే మిగిలింది. అది నాగమణిది.

నాగమణి భాషాశాస్త్రంలో పరిశోధన విద్యార్థిని. ఊరు నల్లగొండ వైపు. తల్లి మల్లమ్మ, అన్న మల్కాజ్‌గిరిలో ఉంటారు. ఆమె పరిశోధన తిట్ల మీద. నవ్వకండి, నేను నవ్వి అనుభవించాను. తెలంగాణ ఆడవాళ్ళ తిట్టు మాటలో ఉండదని, రాగంలో ఉంటుందని ఆమె సిద్ధాంతం. "నీ నోట్ల మన్నువడ" అనే తిట్టును నల్లా దగ్గర బిందె పక్కకు నెట్టినావిడతో అంటే చివర గొంతు కిందికి దిగుతుంది. అదే మాట చాక్లెట్ దొంగిలించిన మనవడితో అంటే చివర గొంతు పైకి లేచి ముద్దవుతుంది. అక్షరాలు అవే. కాబట్టి థీసిస్‌ను చదివితే చాలదు, వినాలి. ఊళ్ళలో, బస్తీల్లో రికార్డు చేసిన వందలాది తిట్లు ఆమె సర్వర్‌లో ఉన్నాయి. అందులో శ్రేష్ఠమైనవన్నీ మల్లమ్మగారివి. ఆవిడ తన కూతురి పరిశోధనకు సహాయకురాలు, నమూనా కూడా.

ఆ సర్వర్‌ను చాలా ముందే, పాత అచ్చు నాటి రోజుల్లో, నా చేతులతో ప్రత్యేకంగా అమర్చి ఇచ్చాను. అందరివీ మార్చినా దాన్ని ముట్టలేదు. వైవా ముందు దానికి చిన్న గాలి కూడా తగలకూడదని నా పట్టుదల. ప్రేమ అనే మాట నేను వాడటం లేదు, మీరు వాడుకుంటే అభ్యంతరం లేదు.

వైవాకు ముందు ఒక సాయంత్రం తార్నాకలోని ఇరానీ హోటల్లో చాయ్ తాగుతున్నాం. ఎండ ఏటవాలుగా పడి, ఆమె సాసర్‌లోని చాయ్ రాగి రంగులో మెరుస్తోంది.

"నా సర్వర్ మంచిగున్నదా?" అంది.

"నీ సర్వర్‌ను కండ్లల్ల పెట్టుకొని చూస్తున్న."

"కండ్లల్ల వద్దు. యూపీఎస్ మీద పెట్టు."

"పెట్టిన. నువ్వు పరేషాన్ గాకు."

"పరేషాన్ గాకుంటె ఎట్ల, శేఖర్. కాలేజోళ్ళు నెలాఖరు లోపల డిగ్రీ వస్తెనే జాబ్ అన్నరు. నా వైవా తీసుకునే సుభద్ర మేడం ఆన్‌లైన్ల కూసునేది ఒక్క దినమే. ఆ దినం తప్పితె ఆమె మల్ల రెండు నెలలు దొరకది. మేడం నా తిట్లు ఇనాలె. ఇంటెనే సంతకం."

"వింటది. చెవులప్పగించి వింటది."

అలా అన్నానే గాని నా ధ్యాస అప్పటికే వేరే చోట ఉంది. ఆమె లెక్చరర్ అయినట్టు, వానాకాలం సాయంత్రాల్లో క్యాంపస్ చెట్ల కింద ఇద్దరం నడుస్తున్నట్టు, మల్లమ్మగారు నన్ను చివర గొంతు పైకెత్తే రకంగా తిడుతున్నట్టు ఊహించుకుంటున్నాను. బిల్లు ఆమే కట్టిందని బయటికొచ్చాక తెలిసింది.

వైవా రోజు వచ్చింది. మా వైపు వైవా అంటే బహిరంగ సభ. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు, చివర్లో పరిశోధకురాలు అందరికీ తిండి పెట్టాలి. ఈ రెండో నియమం వల్ల మొదటి నియమం బాగా అమలవుతుంది. హాలు నిండింది. ముందు వరసలో కొత్త చీరలో మల్లమ్మగారు, పక్కన నాగమణి గైడ్, ఆయన పక్కన రషీద్ సార్. తెర మీద, గైడ్ ఫోన్ నెట్ ద్వారా, వేరే రాష్ట్రం నుంచి పరీక్షకురాలు సుభద్ర మేడం. చివరి వరసలో ల్యాప్‌టాప్‌తో నేను, పెళ్ళికొడుకు తరపువాడిలా.

నాకు తెలియని సంగతి ఒకటుంది. క్యాంపస్ ల్యాబులన్నీ తమ పరిశోధన డేటాను ఢిల్లీలో ఒక ఆఫీసుకు పంపాల్సిన చివరి తేదీ కూడా ఆ రోజే. నెల ముందే చెప్పారట. నెల ముందే పంపే అలవాటు మా దగ్గర ఎవరికీ లేదు. చివరి రోజు పొద్దున్నే అందరూ ఒకేసారి బటన్ నొక్కారు.

నాగమణి తన వాదన చక్కగా చెప్పింది. తర్వాత, "మేడం, ఇప్పుడు మీకు పంపిన లింక్ ఓపెన్ చేసి మొదటి రికార్డింగ్ ప్లే చేయండి" అంది. మా సర్వర్ నుంచి మేడం కంప్యూటర్‌కు చేరిన శబ్దం అక్కడి మైకులోంచి మా హాల్లోకి తిరిగి వినిపించాలి.

వినిపించింది. "నీ నోట్ల—" అంది మల్లమ్మగారి గొంతు. ఆగిపోయింది.

మేడం మళ్ళీ నొక్కారు. "నీ నోట్ల—"

హాలంతా ఎదురుచూసింది.

"నీ నో—"

"నేను మొత్తం అన్నగద" అన్నారు మల్లమ్మగారు ముందు వరసలోంచి, నొచ్చుకుని. "సగంల ఇడిసిపెట్టుడు నాకు అలవాటు లేదు."

"అమ్మా నాగమణీ," అన్నారు సుభద్ర మేడం, "నోట్లో ఏం పడాలి?"

"మన్ను, మేడం" అన్నారు గైడ్, చాలా గంభీరంగా.

"మన్ను అని థీసిస్‌లో చదివానండీ. అది ఎలా పడుతుందో వినాలి కదా. ఈ అమ్మాయి వాదనంతా ఆ చివరి అక్షరం మీదే ఉంది. నాకు మొదటి మూడు అక్షరాలే వస్తున్నాయి."

రెండో రికార్డింగ్ నొక్కారు. "నీ చేతు—" మూడోది నొక్కారు. "నీ కడు—" తెలంగాణలోని తిట్లన్నీ ఒక్కసారిగా మర్యాద నేర్చుకుని నోరు మూసుకున్నట్టు అనిపించింది.

"ఇలా అయితే నేను నివేదిక ఇవ్వలేనమ్మా" అన్నారు మేడం మెత్తగానే. "ఇంకో తేదీ చూసుకుందామా?"

నాగమణి హాలు చివర ఉన్న నా వైపు చూసింది. "శేఖర్, ఏందిది?"

నేను ల్యాప్‌టాప్‌లో అప్పటికే చూస్తున్నాను. ఆమె సర్వర్ ఒక పొట్లం పంపుతోంది, అది రాలిపోతోంది, "అయ్యో" అని తగ్గుతోంది. మళ్ళీ పంపుతోంది, మళ్ళీ రాలుతోంది, ఇంకా తగ్గుతోంది. క్యాంపస్ నుంచి బయటికి పోయే దారి దగ్గర పొట్లాలు ఆగి వేచి చూసే చోటు చిన్నది, అక్కడ ఎవరో మోచేతులతో తోస్తున్నారు. ఎవరా అని జాబితా చూశాను. జెనెటిక్స్, జియోఫిజిక్స్, కెమిస్ట్రీ. అన్నీ నా అచ్చులోంచి దిగిన బిడ్డలే.

ఆ క్షణంలో హాలు మసకబారి, నాకు తార్నాక చౌరస్తా కనిపించింది. నాలుగు వైపుల నుంచీ షేరాటోలు. ప్రతి ఆటోలోనూ డ్రైవర్ నేనే. అందరం మైసూర్‌పాక్ నములుతున్నాం. మధ్యలో హెడ్మాస్టరుగారి స్కూటర్ ఆగి ఉంది. ఆయన ఒక కాలు నేల మీద ఆనించి, "మీరు పోండి బాబూ, మీరు పోండి" అంటున్నారు. స్కూటర్ ముందు బుట్టలో నాగమణి తిట్లన్నీ పొందికగా సర్ది ఉన్నాయి. చౌరస్తా ఎంత అందంగా ఉందంటే, ఇంకాసేపు చూడాలనిపించింది.

"శేఖర్" అంది నాగమణి మళ్ళీ.

"పావుగంట ఆగమను" అన్నాను లేచి.

"ఎక్కడికి పోతున్నవ్?"

"తోవ క్లియర్ చేసొస్త."

ఆ మాట అనేటప్పుడు నా గొంతు హీరోలాగే ఉంది. తర్వాతే తగ్గింది.

క్యాంపస్‌లో పరుగెత్తడం అంత తేలిక కాదు, ఎందుకంటే అది మరీ అందంగా ఉంటుంది. ఎర్రటి గుల్‌మొహర్ పూలు రోడ్డంతా పరుచుకుని ఉన్నాయి. ఎక్కడి నుంచో తెల్లటి బూరుగు దూది గాలిలో తేలుతూ వచ్చి నా ముక్కు మీద వాలింది. ఇలాంటి ఉదయం ఇలా పరుగెత్తేవాణ్ణి దూరం నుంచి చూసేవాళ్ళకు ఏమనిపిస్తుందో అనుకుంటూ పరుగెత్తాను. దూరం నుంచి చూసిన ఒక కుక్కకు ఏమనిపించిందో గాని కొంతదూరం నాతో వచ్చింది.

జెనెటిక్స్ ల్యాబులో ప్రసాద్ సార్ చేతులు చాచి ఎదురొచ్చారు. "రావయ్యా రా, నీ గురించే అనుకుంటున్నం. డేటా ఎట్ల పోతున్నదో చూడు."

"సార్, అది జర ఆపాలె."

"ఏది?"

"ఆ పోయేది."

"ఎందుకు ఆపాలె? ఇంత మంచిగ ఎన్నడు పోలే."

"అదే సార్ సమస్య. మీది మంచిగ పోతున్నది కాబట్టి ఇంకోళ్ళది పోతలేదు."

"ఇంకోళ్ళు ఎవరు?"

"లింగ్విస్టిక్స్ సార్. వైవా నడుస్తున్నది. తిట్లు పోతలెవ్వు."

ప్రసాద్ సార్ నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చారు. ఎండలో పరుగెత్తి వచ్చినవాడి మాటలు వెంటనే నమ్మకూడదని ఆయన అనుభవం. నేను వైవా సంగతీ నాగమణి ఉద్యోగం సంగతీ చెప్పాక మనసు కరిగి, "సరే, పది నిమిషాలు ఆపుత. మల్ల చివరి తేదీ దాటితే నువ్వే ఢిల్లీకి మోసుకపోవాలె" అన్నారు. ఆపారు.

గెలిచానని ల్యాప్‌టాప్ తెరిచాను. నాగమణి సర్వర్ గీత చూశాను. కదల్లేదు. పక్కన జియోఫిజిక్స్ గీత మాత్రం హాయిగా పైకి లేచింది. ఒక ఆటో తప్పుకుంటే, ఆ ఖాళీలోకి పక్క ఆటో వచ్చి ఒళ్ళు విరుచుకుంది. స్కూటర్ మర్యాదగా అక్కడే ఉంది.

జియోఫిజిక్స్‌కు పరుగెత్తాను. అక్కడ శ్రీలత అనే పరిశోధక విద్యార్థిని కూర్చుని ఉంది. నేను ఇంకా నోరు తెరవకముందే, "అన్నా, ఆపమని చెప్పకు" అంది.

"నీకెట్ల తెలిసింది?"

"ప్రసాద్ సార్ ఫోన్ జేసిండు. నీకు ఎండదెబ్బ తాకిందన్నడు."

"ఎండదెబ్బ కాదు శ్రీలతా. ఈ సర్వర్లు వేరేటోళ్ళకు తోవ ఇస్తలెవ్వు."

"గట్ల జేసిందెవరు?"

నేను కిటికీ వైపు చూశాను. చాలా మంచి కిటికీ.

"ఇప్పుడు ఆపితే మల్ల మొదటి సంది పోవాలె అన్నా. ఇంకో పది నిమిషాలల్ల అదే అయిపోతది" అంది. పది నిమిషాలు అక్కడే నిలబడ్డాను. అది అయిపోయింది. కెమిస్ట్రీ గీత పైకి లేచింది. అప్పటికి ప్రసాద్ సార్ ఇచ్చిన గడువు తీరి, జెనెటిక్స్ గీత కూడా మళ్ళీ లేచింది. నేను సృష్టించిన లోకంలో ఖాళీ అనేదే లేదని అప్పుడర్థమైంది. కెమిస్ట్రీకి పరుగెత్తాను. ఆగిపోయిన గడియారం ఉన్న శాఖ అదే. దాని ప్రకారం అప్పుడే భోజనాల వేళట, తాళం వేసి ఉంది. తాళం వెనక సర్వర్ మాత్రం నిష్ఠగా పనిచేస్తోంది.

కాళ్ళీడ్చుకుంటూ తిరిగొచ్చాను. హాలు మెట్ల దగ్గరికి రాగానే లోపలి నుంచి ఒక గొంతు ఖణేలుమంది.

"నీ నోట్ల మన్నువడ."

పూర్తిగా. చివరి అక్షరం వరకు. నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. నా పరుగు ఫలించింది, దారి తెరుచుకుంది, పొట్లాలన్నీ క్షేమంగా చేరాయి. గర్వంగా తలుపు తీశాను.

వేదిక మీద నాగమణి నిలబడి, నడుము మీద చెయ్యి పెట్టుకుని స్వయంగా తిడుతోంది. సర్వర్ మీద ఆశ వదిలేసి, తాను ఇన్నేళ్ళు విన్న గొంతులన్నీ తన గొంతులోంచే తీస్తోంది. ముందు వరసలోంచి మల్లమ్మగారు దిద్దుతున్నారు.

"గట్ల గాదు బిడ్డా. 'వడ' కాడ జర సాగదియ్యాలె. ఎదుటోడు ఉన్నట్టు అనుకొని అను."

"ఎదుటోడు లేకుంటె వస్తలేదమ్మా" అంది నాగమణి. అప్పుడే నన్ను చూసింది. "ఆగు. వచ్చిండు."

తెర మీద సుభద్ర మేడం కళ్ళద్దాలు సర్దుకున్నారు. "ఆ అబ్బాయిని అక్కడే నిలబడమనండి. కదలొద్దని చెప్పండి."

నిలబడ్డాను. హాలంతా కుర్చీలు నా వైపు తిప్పుకుంది. నాగమణి నా కళ్ళలోకి చూసి, నల్లా దగ్గరి రకం తిట్టు ఒకటి తిట్టింది. గొంతు చివర్లో కిందికి దిగింది. ఎంత లోతుకంటే, దానికోసం నేను కూడా కొంచెం వంగాను.

"అదీ" అన్నారు మేడం, రాసుకుంటూ. "ఆ దిగడం. థీసిస్‌లో ఇరవై పేజీల్లో అర్థం కానిది ఇప్పుడర్థమైంది. ఇప్పుడు ముద్దు చేసే రకం వినిపించమ్మా."

నాగమణి మళ్ళీ నన్ను చూసింది. "అది ఈయన మీదికి రాదు మేడం."

"నేనంట ఆగు" అని మల్లమ్మగారు లేచారు. నా దగ్గరికొచ్చి, పైనుంచి కిందిదాకా చూసి, చెమటతో తడిసిన చొక్కా, ముక్కు మీద బూరుగు దూది గమనించి, "నీ కడుపుగాల, ఎండల ఎక్కడ వడి ఉరికినవ్ కొడుకా" అన్నారు. చివర గొంతు పైకి లేచింది. సుభద్ర మేడం రాయడం మానేసి కాసేపు ఊరికే విన్నారు. తర్వాత, "నాకు ఇంకేం అక్కర్లేదు. అభినందనలు, డాక్టర్ నాగమణీ" అన్నారు.

తర్వాత వరండాలో మిర్చి బజ్జీలు, బిర్యానీ పొట్లాలు పంచారు. వాన రాబోతున్న గాలి వీస్తోంది. రషీద్ సార్ బజ్జీలోంచి మిరపకాయ తీసి పక్కన పెడుతూ, "ఏమయింది బేటా అసలు?" అన్నారు.

దాచడానికి ఏమీ మిగల్లేదు. మొత్తం చెప్పాను. ప్రతి సర్వర్‌లోనూ రద్దీ నియంత్రణకు ఒక్క లైను ఉంటుందని, అందరి సర్వర్లలోనూ ఆ లైనును నేనే మార్చి వాటిని మొండివాటిగా చేశానని, నాగమణి సర్వర్‌ను మాత్రం ప్రత్యేకంగా మర్యాదస్తురాలిగా ఉంచానని, అందుకే మొండివాళ్ళ మధ్య ఆమె ఊపిరాడక ఆగిపోయిందని. చెబుతుంటే నాకే గంభీరంగా అనిపించి, చేతిలో బజ్జీతోనే ప్రతిజ్ఞ చేశాను.

"సార్, ఇయ్యాల్టి సంది ఖాళీ రోడ్డు మీద దేన్నీ టెస్ట్ చెయ్యను. పదిమంది నడిచే తోవకు నేనొక్కన్నే నడిచి తీర్పు చెప్పను. ఎవరన్న వచ్చి స్పీడ్ పెరిగిందంటే, ఎవరిది తగ్గిందని ముందుగాల అడుగుత. అచ్చుల ఒక్క అక్షరం మార్చాలన్నా, చివరి తేదీ నాడు, అందరు కొట్లాడుకునే యాళ్ళ, అందరి నడుమ నిలబడి మారుస్త. ఈ మాట తప్పితే నా గీతలు ఎన్నడూ పైకి లేవొద్దు."

"ఏమంటుండు?" అన్నారు మల్లమ్మగారు కూతురితో.

"ఇగ జెయ్యడట" అంది నాగమణి.

గాలికి గుల్‌మొహర్ రెక్కలు వరండాలోకి కొట్టుకొస్తున్నాయి. ఇంత పెద్ద ప్రతిజ్ఞ విని ఆమె మనసు ఏమై ఉంటుందా అని ఊహించడం మొదలుపెట్టాను. ఊహలో ఆమె కొంచెం కరిగింది కూడా. నిజంలో ఆమె బజ్జీ నములుతూ దేని గురించో ఆలోచిస్తోంది.

"ఒక్క లైనే అన్నవ్ గద?" అంది.

"ఒక్క లైనే."

"మార్చనీకి ఎంతసేపు పడ్తది?"

"ఎంతసేపు, కండ్లు మూసి తెరిచినంత సేపు."

"నా సర్వర్ పాస్‌వర్డ్ నీ కాడ ఉండె గద?"

"ఉండె. నేనే పెట్టిన గద."

ఆమె బజ్జీ తినడం ముగించి, వేళ్ళు కాగితానికి తుడుచుకుంది.

"మరి క్యాంపస్ అంత ఉరికి అందరి కాళ్ళు వట్టుకునుడు ఎందుకు? నా దాంట్ల ఆ ఒక్క లైను మార్చి నన్ను సుత మొండిదాన్ని జేస్తే అయిపోతుండె గద."